కంప్యూటర్‌లో రూపకల్పన, నేలపై పరీక్ష: అంతరిక్ష అంకుర సంస్థలకు ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్ ఎలా తోడ్పడుతోంది?

శ్రీహరికోట నుంచి 2022 నవంబరు 18న ఉదయం 11.30 గంటలకు ‘విక్రమ్-ఎస్’ అనే చిన్న రాకెట్ నింగికెగసింది. దాని పొడవు ఆరు మీటర్లు, బరువు 545 కిలోలు. 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరిన ఆ రాకెట్ ఐదు నిమిషాల వ్యవధిలోనే తన ప్రయాణం ముగించి బంగాళాఖాతంలో పడిపోయింది. అది ఏ ఉపగ్రహాన్నీ కక్ష్యలో ప్రవేశపెట్టలేదు. ఆ ఉద్దేశంతో నిర్మించినదీ కాదు. అయినా భారత అంతరిక్ష చరిత్రలో ఆ రోజుకు ప్రత్యేక స్థానం ఉంది. మన దేశంలో ఒక ప్రైవేటు సంస్థ రూపొందించి ప్రయోగించిన మొట్టమొదటి రాకెట్ అదే.

దానిని నిర్మించిన స్కైరూట్ ఏరోస్పేస్‌ను ఇస్రోలో పనిచేసిన ఇద్దరు ఇంజినీర్లు పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా 2018లో హైదరాబాద్‌లో స్థాపించారు. సంస్థ పుట్టిన నాలుగేళ్లకే రాకెట్ ఎగిరింది. ఒకప్పుడు వేలమంది సిబ్బంది, దశాబ్దాల అనుభవం ఉన్న ప్రభుత్వ సంస్థలకే పరిమితమైన పనిని ఒక అంకుర సంస్థ ఇంత తక్కువ కాలంలో ఎలా చేయగలిగింది?

ఇందుకు రెండు ప్రధాన కారణాలు కనిపిస్తాయి. మొదటిది విధానపరమైనది. కేంద్ర ప్రభుత్వం 2020లో అంతరిక్ష రంగాన్ని ప్రైవేటు సంస్థలకు తెరిచింది. ఇన్-స్పేస్ అనే అనుమతుల సంస్థను ఏర్పాటు చేసి, ఇస్రో పరీక్షా కేంద్రాలను, ప్రయోగ వేదికలను వినియోగించుకునే వీలు కల్పించింది. రెండోది సాంకేతికమైనది. రాకెట్లు, ఉపగ్రహాల ప్రవర్తనను ముందుగానే లెక్కగట్టే ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్ నేడు చిన్న బృందాలకూ అందుబాటులోకి వచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్ ఏమిటి, ఏ దశలో ఏ పనికి ఉపయోగపడుతుంది, దాని హద్దులు ఎక్కడ అన్నది ఈ వ్యాసం వివరిస్తుంది.

ఐదు శాతంలోనే అంతా

అంతరిక్ష వాహన రూపకల్పనలోని కష్టం ఒక చిన్న లెక్కతో అర్థమవుతుంది. భూమికి దగ్గరి కక్ష్యలో ఉపగ్రహం నిలవాలంటే అది సెకనుకు సుమారు 7.6 నుంచి 7.8 కిలోమీటర్ల వేగంతో తిరగాలి. గాలి నిరోధం, గురుత్వాకర్షణ వల్ల కలిగే నష్టాలను కూడా కలిపితే రాకెట్ సమకూర్చాల్సిన వేగం సెకనుకు 9 కిలోమీటర్లు దాటుతుంది. ఇంజిన్ నుంచి వాయువులు సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో వెలువడుతాయని అనుకుందాం. అప్పుడు సెకనుకు 9 కిలోమీటర్ల వేగం అందుకోవాలంటే రాకెట్ తొలి బరువులో దాదాపు 95 శాతం ఇంధనమే కావాలి. ఇంజిన్లు, గొట్టాలు, కంప్యూటర్లు, తొడుగు, చివరికి ఉపగ్రహం కూడా మిగిలిన ఐదు శాతంలోనే ఇమడాలి.

రాకెట్లను పలు దశలుగా నిర్మించడానికి కారణం ఇదే. ఖాళీ అయిన దశను వదిలేస్తే అనవసరపు బరువు తగ్గుతుంది. అయినా చివరి దశలో ఒక కిలో బరువు పెరిగితే మోసుకెళ్లగల ఉపగ్రహం బరువు సరిగ్గా ఒక కిలో తగ్గుతుంది. వంతెనను కట్టే ఇంజినీరు అనుమానం వస్తే మరికొంత ఉక్కు చేర్చవచ్చు. రాకెట్ ఇంజినీరుకు ఆ అవకాశం లేదు. మానవరహిత రాకెట్ల నిర్మాణంలో భాగాల బలాన్ని సాధారణంగా అవి మోయాల్సిన గరిష్ఠ భారం కంటే పాతిక శాతం మాత్రమే ఎక్కువగా ఉంచుతారు. ఇంత సన్నని హద్దులో పనిచేయాలంటే లెక్క కచ్చితంగా ఉండాలి.

పూర్వం ఈ కచ్చితత్వాన్ని ఎక్కువగా ప్రయోగాల ద్వారానే సాధించేవారు. నమూనా తయారుచేయడం, పరీక్షించడం, పగిలితే మళ్లీ తయారుచేయడం. ప్రతి ప్రయత్నానికీ నెలలు పట్టేది, కోట్లు ఖర్చయ్యేది. అంకుర సంస్థ వద్ద అంత కాలమూ, అంత ధనమూ ఉండవు. కంప్యూటర్‌లో వంద నమూనాలను పరిశీలించి, వాటిలో మేలైన రెండింటిని మాత్రమే లోహంతోనో, మిశ్రమ పదార్థంతోనో తయారుచేసి పరీక్షించడమే దానికున్న దారి.

తొలి మెట్టు: కక్ష్య, మార్గం

అంతరిక్ష వ్యవస్థ రూపకల్పన యంత్రభాగం బొమ్మతో కాక, ఒక ప్రశ్నతో మొదలవుతుంది. ఉపగ్రహం ఏ పని చేయాలి, అందుకు ఏ కక్ష్య కావాలి? ఉదాహరణకు పంటల ఛాయాచిత్రాలు తీసే ఉపగ్రహం ప్రతిసారీ ఒకే స్థానిక సమయంలో ఒక ప్రాంతం మీదుగా వెళితే, నీడలు ఒకే తీరుగా ఉండి చిత్రాలను పోల్చడం సులువవుతుంది. ఇందుకు సూర్యానువర్తన కక్ష్యను ఎంచుకుంటారు. 500 కిలోమీటర్ల ఎత్తులో అలాంటి కక్ష్య భూమధ్యరేఖకు సుమారు 97.4 డిగ్రీల వాలులో ఉంటుంది. ఒక్కో చుట్టుకు దాదాపు 95 నిమిషాలు పడుతుంది. అంటే రోజుకు పదిహేను చుట్లు.

కక్ష్యను లెక్కించే సాఫ్ట్‌వేర్ ఈ వివరాలన్నిటినీ చూపిస్తుంది. ఉపగ్రహం ఏ సమయంలో ఏ ఊరి మీదుగా వెళుతుంది, భూకేంద్రంతో రోజుకు ఎన్ని నిమిషాలు సంభాషించగలదు, ఎంతసేపు భూమి నీడలో ఉంటుంది, ఎన్నేళ్లకు కక్ష్య క్షీణించి వాతావరణంలోకి పడిపోతుంది అన్నవి ముందే తెలుస్తాయి. సిస్టమ్స్ టూల్ కిట్ వంటి వాణిజ్య సాఫ్ట్‌వేర్‌తో పాటు, నాసా రూపొందించి ఉచితంగా అందిస్తున్న జీమ్యాట్ కూడా ఈ పనికి వాడతారు.

రాకెట్ మార్గానికీ ఇదే పద్ధతి. శ్రీహరికోట నుంచి ధ్రువ కక్ష్యకు నేరుగా దక్షిణంగా వెళితే దారిలో శ్రీలంక ఉంటుంది. రాకెట్ దశలు జనావాసాలపై పడకూడదు కనుక వాహనం ముందు ఆగ్నేయ దిశగా వెళ్లి, తర్వాత మలుపు తిరగాలి. ఆ మలుపుకు అదనపు ఇంధనం ఖర్చవుతుంది, మోసే బరువు తగ్గుతుంది. పెద్ద రాకెట్‌కు ఈ నష్టం భరించదగినదే కాని, చిన్న రాకెట్‌కు అది పెనుభారం. తమిళనాడులోని కులశేఖరపట్నంలో చిన్న రాకెట్ల కోసం రెండో ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన చేయడం వెనుక ప్రధాన కారణం ఇదే. మలుపు ఎప్పుడు తిరగాలి, ఎంత కోణంలో తిరగాలి అన్నది నిర్ణయించడానికి మార్గ సాఫ్ట్‌వేర్ వేలాది ప్రత్యామ్నాయాలను పోల్చి చూస్తుంది.

రెండో మెట్టు: ఆకృతి, బలం, గాలి

లక్ష్యం తేలాక వాహనానికి రూపం ఇవ్వాలి. ఇందుకు త్రిమితీయ రూపకల్పన సాఫ్ట్‌వేర్‌ను వాడతారు. ప్రతి బోల్టు, ప్రతి తీగ, ప్రతి గొట్టం తెరపై అసలు కొలతలతో కనిపిస్తాయి. రెండు భాగాలు ఒకదానికొకటి తగులుతున్నాయా, మరమ్మతుకు చేయి దూరే చోటు ఉందా, మొత్తం బరువెంత, గరిమనాభి ఎక్కడ ఉంది అన్నవి తయారీకి ముందే తేలిపోతాయి.

రూపం సిద్ధమైనంత మాత్రాన బలం ఉన్నట్టు కాదు. అది తేల్చేది ఫైనైట్ ఎలిమెంట్ విశ్లేషణ. ఒక సంక్లిష్టమైన భాగాన్ని లక్షలాది చిన్న చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కో ముక్కపై పడే ఒత్తిడిని లెక్కగట్టి, అన్నిటినీ కలిపి మొత్తం భాగం ఎలా వంగుతుందో, ఎక్కడ పగులుతుందో చెప్పే పద్ధతి ఇది. అంతరిక్ష రంగానికీ ఈ పద్ధతికీ పాత అనుబంధం ఉంది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1960ల రెండో భాగంలో తన అవసరాల కోసం రూపొందించుకున్న ‘నాస్ట్రాన్’ తర్వాత పరిశ్రమకంతటికీ అందుబాటులోకి వచ్చింది. నేడు కార్లు, విమానాలు, భవనాల రూపకల్పనలోనూ దాని వారసులు పనిచేస్తున్నాయి.

స్కైరూట్ వంటి సంస్థలకు ఈ విశ్లేషణ మరింత కీలకం. ఆ సంస్థ రాకెట్లను ఉక్కుతో గాక కార్బన్ మిశ్రమ పదార్థంతో నిర్మిస్తోంది. ఉక్కు బలం అన్ని దిక్కులా ఒకే తీరుగా ఉంటుంది. కార్బన్ పోగు మాత్రం పొడవునా అపారమైన బలం చూపి, అడ్డంగా బలహీనంగా ఉంటుంది. అందువల్ల పోగులను పొరలు పొరలుగా, ఒక్కో పొరను ఒక్కో కోణంలో చుట్టాలి. ఏ కోణంలో ఎన్ని పొరలు వేస్తే తక్కువ బరువుతో లోపలి ఒత్తిడిని తట్టుకుంటుందన్నది కాగితంపై తేలే లెక్క కాదు.

మూడోది గాలి. రాకెట్ ధ్వనివేగాన్ని దాటేటప్పుడు, దట్టమైన వాతావరణాన్ని చీల్చుకుంటూ వెళ్లేటప్పుడు దానిపై పడే ఒత్తిడిని, ముక్కు భాగం వేడెక్కే తీరును కంప్యూటేషనల్ ఫ్లూయిడ్ డైనమిక్స్ అనే పద్ధతితో అంచనా వేస్తారు. ఇంజిన్ లోపల ఇంధనం మండే తీరును, వాయువులు నాజిల్ గుండా వెలువడే తీరును కూడా ఇదే పద్ధతి చూపిస్తుంది. గాలి సొరంగంలో ఒక్కో పరీక్ష చేసే ఖర్చుతో పోలిస్తే ఈ లెక్కలు ఎంతో చౌక. అయితే చివరి నమూనాను సొరంగంలో పరీక్షించక తప్పదు.

ఉపగ్రహానికి వేరే సమస్యలు

ఉపగ్రహం రాకెట్‌లో గడిపేది నిమిషాలు మాత్రమే. ఆ తర్వాత ఏళ్ల తరబడి శూన్యంలో తిరగాలి. శూన్యంలో గాలి లేదు కనుక వేడి బయటికి పోవడానికి వికిరణం ఒక్కటే మార్గం. ఎండలో ఉన్నప్పుడు ప్రతి చదరపు మీటరుపై సుమారు 1,361 వాట్ల సౌరశక్తి పడుతుంది. 500 కిలోమీటర్ల కక్ష్యలో 95 నిమిషాల చుట్టులో దాదాపు 35 నిమిషాల వరకు నీడ ఉండవచ్చు. రోజుకు పదిహేను సార్లు వేడి, చలి మారుతుంటాయి. బ్యాటరీ గడ్డకట్టకూడదు, ఎలక్ట్రానిక్ పరికరం మాడిపోకూడదు. ఉష్ణ విశ్లేషణ సాఫ్ట్‌వేర్ ఉపగ్రహంలోని ప్రతి పలక ఉష్ణోగ్రతను చుట్టు పొడవునా లెక్కగట్టి, ఎక్కడ వేడి పుట్టించే పరికరం పెట్టాలో, ఎక్కడ వేడిని వెదజల్లే పూత పూయాలో చెబుతుంది.

విద్యుత్తు లెక్క దీనితో ముడిపడి ఉంటుంది. సౌరఫలకాలు ఎంత ఉత్పత్తి చేస్తాయి, నీడలో బ్యాటరీ ఎంత ఇవ్వాలి, కెమెరా, రేడియో ఒకేసారి పనిచేస్తే సరిపోతుందా అన్నవి కక్ష్య లెక్కలపైనే ఆధారపడతాయి.

హైదరాబాద్‌కే చెందిన ధ్రువ స్పేస్ ఈ రంగంలో పనిచేస్తోంది. 2012లో సంజయ్ నెక్కంటి స్థాపించిన ఈ సంస్థ పయనాన్ని గమనిస్తే అంకుర సంస్థలు అనుసరించే పద్ధతి స్పష్టంగా కనిపిస్తుంది. ముందు 2022 జూన్ 30న పీఎస్‌ఎల్‌వీ-సీ53 ద్వారా ఉపగ్రహాన్ని రాకెట్ నుంచి విడిచిపెట్టే చిన్న పెట్టెను మాత్రమే కక్ష్యలో పరీక్షించింది. అదే ఏడాది నవంబరు 26న పీఎస్‌ఎల్‌వీ-సీ54పై థైబోల్ట్-1, థైబోల్ట్-2 అనే రెండు బుల్లి ఉపగ్రహాలను పంపింది. పది సెంటీమీటర్ల ఘనాన్ని ప్రమాణంగా తీసుకునే క్యూబ్‌శాట్ కొలతల్లో అవి ఒక్కొక్కటి సగం పరిమాణం గలవి. ఆ తర్వాత 2024 జనవరి 1న పీఎస్‌ఎల్‌వీ-సీ58 నాలుగో దశపై ఏర్పాటైన వేదికలో తన పెద్ద ఉపగ్రహ వ్యవస్థలను పరీక్షించింది. ప్రతి మెట్టులోనూ కంప్యూటర్‌లో చేసిన లెక్కలను కక్ష్యలో వచ్చిన సమాచారంతో సరిచూసుకుని తదుపరి మెట్టెక్కింది.

అన్నిటినీ కలిపే ఒకే నమూనా

ఇంతవరకు చెప్పిన సాఫ్ట్‌వేర్ ఒక్కొక్కటీ ఒక్కో శాఖకు చెందినది. అసలు చిక్కు ఆ శాఖల మధ్య ఉంటుంది. కెమెరా బృందం పరికరాన్ని అరకిలో పెంచితే నిర్మాణ బృందం బ్రాకెట్‌ను మార్చాలి, ఉష్ణ బృందం లెక్క మళ్లీ వేయాలి, దిశానియంత్రణ బృందం చక్రాల సామర్థ్యాన్ని సరిచూడాలి. ఒకరు మార్చిన సంగతి మరొకరికి తెలియకపోతే నష్టం చివరి రోజున బయటపడుతుంది.

1998లో నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ ఉదంతం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. భూమిపై ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ థ్రస్టర్ల బలాన్ని పౌండ్ల ప్రమాణంలో లెక్కించింది. దాన్ని అందుకున్న మరో సాఫ్ట్‌వేర్ అది న్యూటన్ ప్రమాణంలో ఉందనుకుంది. తొమ్మిది నెలల ప్రయాణంలో ఆ తేడా పేరుకుపోయి, 1999 సెప్టెంబరు 23న ఆ నౌక అంగారక వాతావరణంలోకి అతి లోతుగా దూసుకెళ్లి నాశనమైంది. ఏ ఒక్క భాగమూ విరగలేదు, ఏ ఇంజినూ చెడలేదు. రెండు బృందాల మధ్య ఒక కొలమానం చెడింది.

ఇలాంటి పొరపాట్లను నివారించేందుకు నేటి సంస్థలు నమూనా ఆధారిత వ్యవస్థల ఇంజినీరింగ్ అనే పద్ధతిని అనుసరిస్తున్నాయి. వేర్వేరు దస్త్రాలు, పట్టికల స్థానంలో మొత్తం వ్యవస్థకు ఒకే డిజిటల్ నమూనా ఉంటుంది. ప్రతి అవసరం, ప్రతి కొలత, ప్రతి అనుసంధానం అందులో నమోదవుతాయి. ఒకచోట మార్పు జరిగితే దాని ప్రభావం పడే చోట్లన్నీ వెంటనే వెలుగులోకి వస్తాయి. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో కూడా నమోదై ఉంటుంది. ఇరవై ముప్పై మందితో మొదలయ్యే అంకుర సంస్థలో ఒక ఇంజినీరు ఉద్యోగం మారితే అతని జ్ఞాపకంలోని వివరాలు పోకుండా నిలిపేది కూడా ఈ నమోదే.

విమాన కంప్యూటర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్‌కూ ప్రత్యేక పరీక్ష ఉంటుంది. అసలైన కంప్యూటర్‌ను బల్లపై ఉంచి, దానికి సెన్సార్ల నుంచి వచ్చే సంకేతాలను మరో కంప్యూటర్ ద్వారా కృత్రిమంగా అందిస్తారు. తాను నిజంగానే ఎగురుతున్నట్టు భావించి విమాన కంప్యూటర్ నాజిల్‌ను తిప్పమని ఆదేశాలిస్తుంది. ఇలా నేలపైనే వందలాది సార్లు ‘ఎగిరించి’, గాలి ఎదురుగా వీచినప్పుడు, సెన్సార్ చెడిపోయినప్పుడు ఏం జరుగుతుందో పరిశీలిస్తారు.

ముద్రించిన ఇంజిన్

రూపకల్పన సాఫ్ట్‌వేర్ తయారీ పద్ధతినే మార్చిన సందర్భం త్రిమితీయ ముద్రణ. చెన్నైలోని ఐఐటీ మద్రాసు ప్రాంగణంలో 2017లో పుట్టిన అగ్నికుల్ కాస్మోస్ తన రాకెట్ ఇంజిన్‌ను ఒకే భాగంగా లోహపు పొడితో ముద్రిస్తోంది. సాధారణ పద్ధతిలో అనేక భాగాలను చేసి అతికే పని ఇందులో ఉండదు. ఇంజిన్ గోడల లోపల ఇంధనం ప్రవహించి చల్లబరిచే సన్నని మార్గాలను సాధారణ యంత్రాలతో తొలవడం కష్టం. ముద్రణలో అవి పొరలతో పాటే ఏర్పడతాయి.

ఆ ఇంజిన్‌తో కూడిన ‘అగ్నిబాణ్ సార్టెడ్’ 2024 మే 30న శ్రీహరికోటలోని సంస్థ సొంత వేదిక నుంచి విజయవంతంగా ఎగిరింది. అంతకుముందు నాలుగుసార్లు ప్రయోగాన్ని వాయిదా వేయాల్సి వచ్చింది. తెరపై అన్నీ సరిగా ఉన్నా, ప్రయోగ వేదికపై ఒక సంకేతం అనుమానం కలిగిస్తే ఆగిపోవడమే సరైన నిర్ణయమని ఆ అనుభవం చెబుతోంది.

లెక్కకు, వాస్తవానికి మధ్య

సాఫ్ట్‌వేర్ ఎంత శక్తిమంతమైనా అది తనకు ఇచ్చిన ఊహలపైనే లెక్క వేస్తుంది. ఊహ తప్పితే జవాబు కూడా తప్పుతుంది. దీనికి మన దేశంలోనే ఒక స్పష్టమైన ఉదాహరణ ఉంది.

చిన్న ఉపగ్రహాల కోసం ఇస్రో రూపొందించిన ఎస్‌ఎస్‌ఎల్‌వీ తొలిసారిగా 2022 ఆగస్టు 7న ఎగిరింది. అందులో ఈఓఎస్-02తో పాటు ‘ఆజాదీశాట్’ ఉంది. దేశవ్యాప్తంగా 75 పాఠశాలలకు చెందిన 750 మంది బాలికలు దాని తయారీలో పాలుపంచుకున్నారు. మూడు ఘన ఇంధన దశలూ సక్రమంగా మండాయి. అయినా ఉపగ్రహాలు 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యకు బదులు 356, 76 కిలోమీటర్ల దీర్ఘవృత్తాకార కక్ష్యలో పడ్డాయి. 76 కిలోమీటర్ల ఎత్తులో గాలి ఇంకా ఉంటుంది. ఉపగ్రహాలు నిలవలేదు, నశించిపోయాయి.

రెండో దశ విడిపోయే క్షణంలో స్వల్పకాలం పాటు పుట్టిన కంపనాలే అందుకు కారణమని విశ్లేషణలో తేలింది. నేలపై జరిపిన పరీక్షలను బట్టి ఊహించిన దానికంటే ఆ కంపనాలు తీవ్రంగా ఉన్నాయి. రాకెట్ త్వరణాన్ని కొలిచే త్వరణమాపకాలు వాటి ధాటికి గరిష్ఠ స్థాయికి చేరి నిలిచిపోయాయి. లోపాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ ఆ పరికరాలు చెడిపోయాయని నిర్ధారించుకుని, వాటి సమాచారాన్ని పక్కనపెట్టింది. నిజానికి అవి చెడిపోలేదు. కొద్ది క్షణాలు ఆగి ఉంటే మళ్లీ సరిగా పనిచేసేవి.

సవరణలు రెండు వైపులా జరిగాయి. దశను విడదీసే వ్యవస్థను తక్కువ కంపనాలు పుట్టించే రకానికి మార్చారు, పరికరాలు ఉండే భాగం నిర్మాణాన్ని సవరించారు. లోపాలను నిర్ధారించే తర్కాన్ని కూడా మార్చి, తొందరపడి తీర్పు చెప్పకుండా చేశారు. ఆరు నెలలు గడిచాక, 2023 ఫిబ్రవరి 10న ఎస్‌ఎస్‌ఎల్‌వీ రెండో ప్రయోగం విజయవంతమైంది. ఆ రాకెట్‌లో ‘ఆజాదీశాట్-2’ కూడా ఉంది. బాలికల కృషి రెండోసారి కక్ష్యకు చేరింది.

దశాబ్దాల అనుభవం గల ఇస్రోకే ఎదురైన ఈ పరిస్థితి ప్రతి అంకుర సంస్థకూ పాఠం. ప్రభుత్వ సంస్థ ఒక వైఫల్యాన్ని తట్టుకుని ఆరు నెలల్లో తిరిగి రాగలదు. పెట్టుబడిదారుల సొమ్ముతో నడిచే చిన్న సంస్థకు ఒక్క వైఫల్యమే చివరిది కావచ్చు.

తుది తీర్పు పరీక్షా వేదికదే

అందుకే స్కైరూట్ తన తదుపరి రాకెట్ ‘విక్రమ్-1’ కోసం ఏళ్ల తరబడి నేలపైనే ఇంజిన్లను మండించి చూసింది. ఉపగ్రహాలను కక్ష్యకు చేర్చేందుకు ఉద్దేశించిన ఈ రాకెట్‌లో మూడు ఘన ఇంధన దశలు, వాటిపైన కక్ష్యను సరిదిద్దే ద్రవ ఇంధన విభాగం ఉంటాయి. ఘన ఇంధన మోటార్లకు మాజీ రాష్ట్రపతి, శాస్త్రవేత్త అబ్దుల్ కలాం పేరు పెట్టారు.

రెండో దశకు చెందిన కలాం-250 మోటారును 2024 మార్చి 27న శ్రీహరికోటలో 85 సెకన్ల పాటు మండించారు. తొలి దశకు చెందిన కలాం-1200ను 2025 ఆగస్టు 8న అక్కడే పరీక్షించారు. పదకొండు మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వ్యాసం గల ఆ మోటారులో 30 టన్నుల ఘన ఇంధనం నింపారు. ఇలాంటి పరీక్షలో మోటారుకు అనేక సెన్సార్లు అమర్చి, ఒత్తిడి, ఉష్ణోగ్రత, సాగుదల, కంపనం వంటి వివరాలను నమోదు చేస్తారు. ఆ అంకెలను ముందే వేసిన లెక్కలతో పోలుస్తారు. తేడా ఉంటే నమూనాను సరిదిద్దుతారు. సరిదిద్దిన నమూనా తదుపరి మోటారు గురించి మరింత నమ్మదగిన అంచనా ఇస్తుంది.

పరీక్షకూ నమూనాకూ మధ్య సాగే ఈ రాకపోకలే అంకుర సంస్థ అసలు ఆస్తి. సాఫ్ట్‌వేర్‌ను డబ్బు పెట్టి ఎవరైనా కొనవచ్చు. పరీక్షలతో సరిదిద్దుకున్న సొంత నమూనాను మాత్రం బయట కొనలేరు.

ఖర్చు, స్వదేశీ ప్రత్యామ్నాయాలు

విశ్లేషణ సాఫ్ట్‌వేర్ లైసెన్సులు ఖరీదైనవి. ఈ సాఫ్ట్‌వేర్ తయారుచేసే పెద్ద కంపెనీలు పలు కొత్త సంస్థలకు తొలి కొన్నేళ్లు రాయితీ ధరకు వాటిని ఇస్తున్నాయి. రాయితీ గడువు ముగిశాక పూర్తి ధర చెల్లించాల్సి వస్తుంది. అప్పటికి సంస్థ రూపకల్పన అంతా ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది కనుక మరోదానికి మారడం సులభం కాదు. వ్యూహాత్మక రంగంలో విదేశీ సాఫ్ట్‌వేర్‌పై పూర్తిగా ఆధారపడటం కూడా ఆలోచించదగిన అంశమే.

ఈ దృష్టితో చూస్తే ఇస్రో సొంతంగా రూపొందించిన సాఫ్ట్‌వేర్ విలువ తెలుస్తుంది. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం నిర్మాణాల విశ్లేషణ కోసం ‘ఫీస్ట్’ను తయారుచేసింది. దాని కొత్త రూపాన్ని 2022 డిసెంబరులో ఐఐటీ హైదరాబాద్‌లో విడుదల చేశారు. విద్యార్థులు, పరిశోధకులు, పరిశ్రమల అవసరాలకు తగినట్టు వేర్వేరు స్థాయుల్లో అది లభిస్తుంది. రాకెట్ల చుట్టూ గాలి ప్రవాహాన్ని లెక్కించేందుకు అదే కేంద్రం ‘ప్రవాహ’ అనే సాఫ్ట్‌వేర్‌ను రూపొందించింది. గగన్‌యాన్ వాహనం విశ్లేషణలో దాన్ని వినియోగించారు.

మరోవైపు అహ్మదాబాద్‌లో 2022 జూన్ 10న ప్రధాన కార్యాలయం ప్రారంభించుకున్న ఇన్-స్పేస్, తన సాంకేతిక కేంద్రంలో కంపన, ఉష్ణ-శూన్య పరీక్షల వసతులతో పాటు అంతరిక్ష వ్యవస్థల రూపకల్పన ప్రయోగశాలను కూడా ఏర్పాటు చేసింది. సొంతంగా కొనుక్కోలేని సంస్థలు అక్కడి సదుపాయాలను వాడుకోవచ్చు. అంతరిక్ష అంకుర సంస్థల కోసం రూ.1,000 కోట్ల మూలధన నిధికి కేంద్ర మంత్రివర్గం 2024 అక్టోబరులో ఆమోదం తెలిపింది.

రాయ్‌పూర్ నుంచీ మొదలుపెట్టవచ్చు

అంతరిక్ష రంగం అనగానే శ్రీహరికోట, బెంగళూరు, తిరువనంతపురం, హైదరాబాద్ గుర్తుకు రావడం సహజం. ఇస్రో కేంద్రాలు, వాటికి విడిభాగాలు సరఫరా చేసే పరిశ్రమలు అక్కడే ఎదిగాయి. మిశ్రమ లోహాలు చేసే మిధాని, రాకెట్ ఇంజిన్ భాగాలు చేసే ఎంటార్ హైదరాబాద్‌లో ఉండటం అక్కడి అంకుర సంస్థలకు పెద్ద అండ. అటువంటి వాతావరణం లేని నగరాల విద్యార్థికి ఇంతకాలం తలుపు మూసినట్టే ఉండేది.

రూపకల్పనలో తొలి సగం కంప్యూటర్‌పైకి మారడంతో ఆ తలుపు కొంత తెరుచుకుంది. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో ఎన్‌ఐటీ, నవా రాయ్‌పూర్‌లో ట్రిపుల్ ఐటీ, పక్కనే భిలాయ్‌లో ఐఐటీ ఉన్నాయి. రాయ్‌పూర్, భిలాయ్ ప్రాంతాల్లో ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. సముద్రతీరానికి, ప్రయోగ వేదికలకు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ కళాశాలల విద్యార్థి కూడా నేడు ఒక సాధారణ కంప్యూటర్‌తో ఉపగ్రహ కక్ష్యను లెక్కించవచ్చు.

అందుకు కావాల్సిన సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగం ఉచితం. కక్ష్యలకు జీమ్యాట్, త్రిమితీయ రూపకల్పనకు ఫ్రీక్యాడ్, గాలి ప్రవాహానికి ఓపెన్‌ఫోమ్, చిన్న రాకెట్ల గమనానికి ఓపెన్‌రాకెట్ అందుబాటులో ఉన్నాయి. నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ రూపొందించిన ‘ఎఫ్ ప్రైమ్’ అనే విమాన సాఫ్ట్‌వేర్ చట్రం కూడా ఉచితమే. 2021 ఏప్రిల్ 19న అంగారకుడిపై తొలిసారి ఎగిరిన ఇన్‌జెన్యుటీ హెలికాప్టర్‌ను నడిపింది అదే.

నేర్చుకోదలచినవారు ఒక చిన్న పనితో మొదలుపెట్టడం మేలు. పది సెంటీమీటర్ల ఘనాకార ఉపగ్రహాన్ని ఊహించుకుని, దానికి కక్ష్య ఎంచుకోవాలి. రోజుకు ఎంత విద్యుత్తు వస్తుందో, రాయ్‌పూర్ మీదుగా ఎన్నిసార్లు వెళుతుందో లెక్కించాలి. ఆ తర్వాత చేయాల్సిన పని ఇంకా ముఖ్యమైనది. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన జవాబును చేతి లెక్కతో సరిచూడాలి. రెండిటి మధ్య తేడా వస్తే దానికి కారణం దొరికేవరకు ముందుకు వెళ్లకూడదు. శ్రీహరికోటలో మోటారును మండించి, వచ్చిన అంకెలను తెరపై లెక్కలతో పోల్చి చూసుకునే ఇంజినీరు చేసే పని కూడా ఇదే.